నీడ వెదుక్కునే జబ్బు

అండమాన్ దీవులలో సూర్యుడు గడియారం కంటె ముందు నడుస్తాడు. భారతదేశమంతటికీ కాలమానం ఒకటే. అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి ఏర్పడింది. దీవులు అక్కడికి మరి పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. అందుచేత, 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా ఉండి ఇప్పుడు శ్రీ విజయపురం అయిన రాజధాని పట్టణంలో వేసవినాట ఐదు గంటలకే తెల్లవారుతుంది. పదకొండున్నర కాకముందే సూర్యుడు నడినెత్తికి వస్తాడు. సాయంత్రం ఆరు లోపలే పొద్దు గుంకుతుంది.

విహారానికి వచ్చినవారికి ఇదొక వింత. ఒక కోవకు చెందిన రోగులకు మాత్రం ఇది ఆరోగ్య సూత్రం. వారి జబ్బు పేరు లూపస్. ప్రధాన భూభాగంలోని వైద్యులు ఈ రోగులకు సాధారణంగా చెప్పే మాట, పగలు పది నుంచి నాలుగు దాకా ఎండలోకి పోవద్దని. విశాఖపట్నంలో ఆ మాట సరిగ్గా సరిపోతుంది. అయితే విశాఖలో పది గంటలకు ఉండే ఎండ శ్రీ విజయపురంలో తొమ్మిదీ ఇరవైకే వచ్చేస్తుంది. గడియారాన్ని నమ్మి తొమ్మిదిన్నరకు బజారుకు బయలుదేరిన రోగి, తెలియకుండానే నిషిద్ధ కాలంలో అడుగు పెడుతుంది.

‘పెడుతుంది’ అనడం పొరపాటు కాదు. లూపస్ రోగులు పదిమందిలో తొమ్మిదిమంది స్త్రీలే. అందునా ఎక్కువమందికి అది పదిహేను మొదలు నలభై అయిదేళ్ల లోపల, అనగా చదువు, పెళ్లి, బిడ్డలు, సంసారం అన్నీ మీదపడే వయసులో వస్తుంది.

రోగనిరోధక శక్తి మనిషికి ఇంటి కావలివంటిది. బయటినుంచి చొరబడే సూక్ష్మజీవులను పట్టి మట్టుబెట్టడం దాని పని. లూపస్‌లో ఆ కావలి ఇంటివాళ్లనే దొంగలనుకుంటుంది. శరీర కణాలలోని కేంద్రక పదార్థం మీదనే విరుద్ధ ద్రవ్యాలను తయారు చేస్తుంది. అవి రక్తంలో తిరుగుతూ ఎక్కడ పేరుకుంటే అక్కడ వాపు పుట్టిస్తాయి. కీళ్లు, చర్మం, మూత్రపిండాలు, గుండె పొర, ఊపిరితిత్తుల పొర, మెదడు, రక్తకణాలు, ఇందులో దేనికీ మినహాయింపు లేదు. ఒక రోగికి ముఖం మీద మచ్చలు, మరొక రోగికి కాళ్లవాపు, ఇంకొకరికి మూర్ఛలు కనిపిస్తాయి. జబ్బు ఒకటే అని తేలడానికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పడుతుంది.

ఎండకూ దీనికీ ఉన్న సంబంధం ఏమిటి? ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాలను చంపుతాయి. ఆరోగ్యవంతులలో ఆ శిథిలాలు చప్పుడు లేకుండా తుడిచిపెట్టుకుపోతాయి. లూపస్ రోగిలో అవి అలాగే నిలిచి, కేంద్రక పదార్థం బయటపడి, తిరగబడిన నిరోధక శక్తికి కొత్త మేత అవుతుంది. కనుక ఎండ వల్ల ముఖం కందడంతో కథ ముగియదు. వారం పది రోజులలో జ్వరం, కీళ్లనొప్పులు తిరగబెట్టవచ్చు. లోపల మూత్రపిండాలకు కూడ దెబ్బ తగలవచ్చు.

లూపస్ అంటే లాటిన్ భాషలో తోడేలు. ముఖాన్ని కొరికి తిన్నట్టు కనబడే పుండ్లకు మధ్యయుగాల ఐరోపా వైద్యులు ఆ పేరు పెట్టారు. ఇది చర్మంతో ఆగే జబ్బు కాదని, ఒళ్లంతటికీ పాకుతుందని 1872లో వియన్నా వైద్యుడు కపోసీ వివరించాడు. రోగుల ముక్కుకు ఇరువైపులా బుగ్గల మీద పరుచుకునే ఎర్రని మచ్చను సీతాకోకచిలుకతో పోలుస్తారు. తోడేలు, సీతాకోకచిలుక ఒకే రోగంలో చేరడం చిత్రమే.

తెలుగువారి దీవులు

అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు వినిపించడం కొత్త సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 3 లక్షల 80 వేల జనాభాలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. రాజధానిలోని జంగ్లీఘాట్ రేవు వద్ద నిలబడితే సోంపేట సంతలో నిలబడినట్టే ఉంటుంది.

ఈ కుటుంబాలలో మగవారు పడవ మీద వెళ్తే, వచ్చిన చేపను చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, అమ్ముకోవడం ఆడవారి వంతు. పరిచిన వలల మీద చేపలు తిరగేస్తూ పొద్దంతా ఎండలో ఉండవలసిన పని అది. పైనుంచి వచ్చే ఎండ ఒక్కటే కాదు. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాలను నూటికి పదిహేను పాళ్లు, సముద్రపు నురుగు నూటికి ఇరవై అయిదు పాళ్లు తిరిగి పైకి చిమ్ముతాయి. గొడుగు పైనుంచి కాపాడుతుందే గాని, కిందినుంచి వచ్చేదాన్ని ఆపలేదు. మబ్బు పట్టిన రోజు మేలనుకోవడమూ భ్రమే. పలుచని మబ్బు గుండా ఆ కిరణాలు తొంభై పాళ్లకు పైగా దిగుతాయి. దీవులు భూమధ్యరేఖకు ఉత్తరాన 6 నుంచి 14 డిగ్రీల లోపల ఉన్నాయి కనుక చలికాలమనే విరామం కూడ లేదు.

అలాంటి పనిలో ఉన్న ఒక ఇల్లాలిని ఊహించుకోండి. ఉదయం లేవగానే వేళ్లు ముడుచుకోవు. చేప కోసే కత్తి పట్టు దొరకదు. గంట గడిస్తే కొంత సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి ఒళ్లు పచ్చిపుండు. తల దువ్వితే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తుంది. నోటిలో నొప్పి తెలియని పుండ్లు. పక్కింటి పెద్దావిడ చూసి, “ఏటమ్మా, మొకమలా కందిపోనాది?” అంటుంది. ఎండకేనని సమాధానం. ఆ సమాధానం నిజమే. అసలు ప్రమాదం అందులోనే ఉంది. ఎండలో పనిచేసేవారి ముఖం కందితే ఎవరు మాత్రం జబ్బని అనుకుంటారు?

జ్వరాల గుంపులో ఒక జ్వరం

ఒకవేళ ఆమె ఆసుపత్రికి వెళ్లినా, వైద్యుని తలలో మొదట మెదిలేది లూపస్ కాదు. కాకపోవడం న్యాయం కూడాను. దీవులకు జ్వరాల చరిత్ర పెద్దది. 1789లో బ్రిటిష్‌వారు నెలకొల్పిన తొలి వలసను రోగాలు, మరణాలు భరించలేక 1796లో ఎత్తివేశారు. 1858లో ఖైదీల వలస మొదలైన తరువాత మలేరియా ఎందరినో పొట్టన పెట్టుకుంది. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ఇక్కడ 1929 ప్రాంతం నుంచీ తెలిసినదే. 1980ల చివర ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతంలో వానల తరువాత ప్రబలి, రక్తస్రావంతో ప్రాణాలు తీసిన జ్వరానికి ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అని పేరు పడింది. అది లెప్టోస్పైరోసిస్ రూపాంతరమేనని 1990లలో తేలింది. 1983లో రాజధానిలో ఏర్పడిన ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం ఈ విషయంలో ఎంతో కృషి చేసింది. ఆపైన 2006లో చికున్‌గున్యా వచ్చి, దీవులలో వేలమందిని కీళ్లు పట్టుకుని మూలిగేలా చేసింది. డెంగీ ఉండనే ఉన్నది.

ఇప్పుడు లూపస్ లక్షణాలు చూడండి. జ్వరం, కీళ్లనొప్పులు, ఒంటిమీద దద్దుర్లు, రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడం, మూత్రంలో మాంసకృత్తులు పోవడం. వీటిలో ప్రతి ఒక్కదానికీ దీవులలో అంతకంటె సుపరిచితమైన కారణం మరొకటి ఉన్నది. జ్వరానికి మందు ఇస్తారు, లూపస్ జ్వరం ఒక్కొక్కసారి దానంతటదే తగ్గుతుంది, మందు పనిచేసిందనుకుంటారు. రెండు నెలలకు మళ్లీ మొదలు. తేడా పట్టుకునే సూచన ఒకటుంది. చికున్‌గున్యా, లెప్టోస్పైరోసిస్ వచ్చి పోయే జబ్బులు. నెలల తరబడి కీళ్లనొప్పి, ఎండకు హెచ్చే మచ్చ, జుట్టు ఊడడం, నోటిపుండ్లు ఒకే మనిషిలో కలిసి వస్తే, అది చిన్న వయసు స్త్రీ అయితే, మరొక దిక్కు ఆలోచించవలసిందే.

ఆ ఆలోచన కలిగితే మొదటి పరీక్షకు ‘ఏ.ఎన్.ఏ.’ అని పేరు. లూపస్ రోగులలో నూటికి తొంభై అయిదుగురికి పైగా అది కనబడుతుంది. కాని ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతులలోనూ కొందరికి అది స్వల్పంగా కనబడుతుంది కనుక, ఆ ఒక్క కాగితం చూసి లూపస్ అని ముద్ర వేయకూడదు. దానికంటె ఎంతో చవకైన పరీక్ష ఒకటి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయదగినది ఉంది. మూత్రంలో ముంచే కాగితపు పట్టీ. లూపస్ మూత్రపిండాలకు సోకినప్పుడు తొలి రోజులలో నొప్పి ఉండదు, మంట ఉండదు. మూత్రం నురగగా పోవడం, పొద్దున కళ్ల కింద ఉబ్బు, రక్తపు పోటు పెరగడం, అంతే. ఆ పట్టీ రంగు మారిన నాడే పట్టుకుంటే మూత్రపిండం దక్కుతుంది. ఆరు నెలలు ఆలస్యమైతే దక్కకపోవచ్చు. లూపస్ రోగులలో సగానికి దగ్గరగా ఎప్పుడో ఒకప్పుడు మూత్రపిండాల బాధ పడతారు. ఖరీదైన పరీక్షల కోసం సముద్రం దాటేవారు సైతం ఈ పట్టీ పరీక్ష నెలనెలా మరచిపోవడం శోచనీయం.

మలేరియా మాత్ర చేసిన మేలు

దీవులను పీడించిన మలేరియాకూ, లూపస్ చికిత్సకూ దగ్గరి చుట్టరికం ఉండడం విశేషం. 1894లో లండన్ వైద్యుడు పేన్, మలేరియా మందైన క్వినైన్‌ను చర్మపు లూపస్‌కు వాడి గుణం కనిపించిందని తెలిపాడు. ఆ సంగతి చాలాకాలం మరుగున పడింది. రెండవ ప్రపంచ యుద్ధంలో ఉష్ణ ప్రాంతాలలో పోరాడిన సైనికులకు మలేరియా రాకుండా మెపాక్రిన్ అనే మాత్రలు ఇచ్చారు. వారిలో కొందరికి ఉన్న చర్మపు మచ్చలు, కీళ్లనొప్పులు తగ్గుముఖం పట్టాయి. 1951లో పేజ్ అనే వైద్యుడు లూపస్ రోగులకు మెపాక్రిన్ ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. 1955లో అదే వంశానికి చెందిన, విషగుణం తక్కువైన హైడ్రాక్సీక్లోరోక్విన్ అమెరికాలో ఆమోదం పొందింది. నేటికీ ప్రతి లూపస్ రోగి చికిత్సకూ పునాది అదే. జబ్బు తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది, మూత్రపిండాలను కాపాడడంలో తోడ్పడుతుంది, ఆయుర్దాయం పెంచుతుంది. దీర్ఘకాలం వాడితే కంటి తెరకు హాని కలగవచ్చు కనుక, రోజుకు శరీర బరువు కిలోకు 5 మిల్లీగ్రాములు మించకుండా ఇస్తూ, మొదట ఒకసారి, అయిదేళ్ల తరువాత ఏటేటా కళ్లు పరీక్షించాలి.

1949లో అమెరికాలో హెంచ్ బృందం కార్టిసోన్ మహిమను లోకానికి చూపింది. స్టిరాయిడ్లు రాకముందు, వచ్చిన కొత్తలో, లూపస్ అని తేలిన రోగులలో నాలుగయిదేళ్లు బతికేవారు సగం మందే. నేడు మంచి వైద్యం అందినచోట అయిదేళ్లు దాటేవారు నూటికి తొంభై మందికి పైగా. కీళ్ల బాధకు వాడే మెథోట్రెక్సేట్ విషయంలో తెలుగువారు గర్వించదగిన సంగతి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లె ప్రయోగశాలలో నడిపిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల నుంచే ఆ మందు పుట్టింది. ఆయన 1948లో, ఈ ఉపయోగాలేవీ చూడకుండానే కన్నుమూశారు.

మందు ఉండడం ఒక ఎత్తు, చేతికి అందడం మరొక ఎత్తు. 2020 మార్చిలో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోవిడ్‌ను ఆపుతుందన్న ఆశ ప్రపంచమంతా అంటుకుంది. దుకాణాలలో మాత్రలు మాయమయ్యాయి. భారత ప్రభుత్వం మార్చి 25న ఎగుమతిని నిషేధించి, మరునాడు వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు జారీ చేసింది. అప్పటికే దేశీయ విమానాలు ఆగిపోయాయి. అవి తిరిగి ఎగిరినది మే 25న. ఏళ్ల తరబడి ఆ మాత్ర మీదనే నడుస్తున్న రోగులు ఎన్నో దేశాలలో దాని కోసం వెదుకులాడారు. ఆసుపత్రిలో చేరిన కోవిడ్ రోగులకు దాని వల్ల మేలు లేదని జూన్‌లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. అవసరం లేనివారు దాచుకున్నది, అవసరమైనవారికి లేకుండా పోయింది.

నీళ్ల అవతల నిపుణుడు

1993లో ప్రకటించిన ఒక సర్వే ఢిల్లీ సమీప గ్రామాలలో లక్షకు ముగ్గురికి కాస్త పైగా లూపస్ రోగులున్నారని చెప్పింది. ఆ లెక్కన దీవులంతటా పన్నెండుమంది. అమెరికాలో లెక్కలు దీనికి అనేక రెట్లు ఎక్కువ కనుక, మనవద్ద గుర్తింపునకు రానివారు చాలామంది ఉండవచ్చు. ఎంతైనా, సంఖ్య చిన్నది. చిన్న సంఖ్యకు ప్రణాళికలలో చోటు దొరకడం కష్టం. ఆ రోగులు ఒకచోట ఉంటే కొంత నయం. వారు 2011 లెక్కల ప్రకారం జనావాసమున్న 31 దీవులలో ఎక్కడైనా ఉండవచ్చు.

రాజధానిలోని గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి దీవులకు పెద్ద దిక్కు. 2015లో ప్రారంభమైన వైద్య కళాశాలకు బోధనాసుపత్రి అదే. దిగ్లీపూర్ నుంచి అక్కడికి రావాలంటే ట్రంకు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. జరావా గిరిజనుల రక్షిత అరణ్యం గుండా వాహనాలు నిర్ణీత వేళలలో బారుగా మాత్రమే కదలాలి. ఆ వేళ తప్పితే గంటల నిరీక్షణ. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి అయితే ఓడ ప్రయాణం. రాజధాని నుంచి చెన్నై విమానంలో రెండు గంటలు దాటి, ఓడలో రెండు రోజులకు పైగా. కీళ్లవాత నిపుణులున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ వంటివన్నీ నీళ్ల అవతలివే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భపు కేబులు వచ్చిన తరువాత దూరవైద్యం కొంత సులభమైంది. నిపుణుడు తెర మీద కనిపించి, మూత్రపు పట్టీ, రక్తపు పోటు, మచ్చల ఫోటో ఆధారంగా మందు మార్చగలిగితే, ప్రయాణాలు ఏడాదికి ఒకటి రెండుకు తగ్గుతాయి.

తుపాను వేళ ఓడలు ఆగడం ఇక్కడ మామూలు. కనుక దీవులలోని లూపస్ రోగి ఇంట్లో మందుల లెక్క బియ్యపు లెక్క కంటె జాగ్రత్తగా ఉండాలి. ఇందులో ఒక తారతమ్యం తెలిసి ఉండడం మంచిది. హైడ్రాక్సీక్లోరోక్విన్ శరీరంలో వారాల తరబడి నిలుస్తుంది; నాలుగు రోజులు తప్పినంత మాత్రాన కొంప మునగదు. స్టిరాయిడ్ సంగతి అలా కాదు. నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే రక్తపు పోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాచవలసిన మొదటి మాత్ర అదే.

వంటింటి సంగతులు

మూత్రపిండాలకు సోకిన రోగికి ఉప్పు శత్రువు. ఉప్పుచేప, ఆవకాయ లేని భోజనం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇంట్లో ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండితే సరే. లేకపోతే వండిన మనిషే వేరుగా చప్పిడి తినాలి. ఎక్కువ ఇళ్లలో జరిగేది రెండవదే. దీవులలో చవకగా దొరికే కొబ్బరి నీళ్లు మామూలు మనిషికి అమృతం. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి అందులోని పొటాషియం గుండెకు ముప్పు. సర్వరోగ నివారిణిగా సీసాలలో అమ్ముడుపోయే నోని రసానికీ ఇదే మాట వర్తిస్తుంది. తొగరు జాతికి చెందిన ఆ కాయ దీవులలో విరివిగా పెరుగుతుంది. దాని రసంలో పొటాషియం ఎక్కువ. కొందరిలో కాలేయానికి హాని చేసినట్టు కూడ వైద్య పత్రికలలో నమోదైంది.

అన్నిటికంటె అర్థం కానిది అలసట. లూపస్ అలసట నిద్రతో తీరేది కాదు. పైకి మనిషి బాగానే కనబడుతుంది. ఒక్కొక్కప్పుడు స్టిరాయిడ్ వల్ల ముఖం నిండుగా, ఒళ్లు చేసినట్టు కూడ ఉంటుంది. బిందె ఎత్తలేనంటే సోమరితనమంటారు. పగలు ఇల్లు కదలదు, సాయంత్రం మాత్రం బయటికి వెళ్తుందంటూ చెవులు కొరుక్కుంటారు. ముఖంమీది మచ్చ చూసి అంటువ్యాధి అనుకునేవారూ ఉన్నారు. లూపస్ తాకితే అంటదు, కలిసి భోంచేస్తే అంటదు, దాంపత్యం వల్ల అంటదు.

పెళ్లి మాట వచ్చినప్పుడు జబ్బు దాచడం పరిపాటి. దాచినందుకు మందులూ దాచాలి. దాచిన మందులు తప్పుతాయి. నిజానికి లూపస్ ఉన్నవారు బిడ్డలను కనవచ్చు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉండాలి, గర్భానికి హాని చేసే మెథోట్రెక్సేట్ వంటి మందులను వైద్యుడు ముందుగానే మార్చాలి, హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకూడదు. కొందరి రక్తంలో గడ్డకట్టే స్వభావాన్ని పెంచే విరుద్ధ ద్రవ్యాలుంటాయి. వాటివల్ల గర్భం పదేపదే పోతుంది. 1983లో లండన్‌లో హ్యూస్ అనే వైద్యుడు ఈ పరిస్థితిని స్పష్టంగా వర్ణించాడు. ఆస్పిరిన్, హెపారిన్‌లతో చికిత్స చేస్తే అలాంటి తల్లులలో చాలామందికి బిడ్డ దక్కుతుంది. అంతవరకు గొడ్రాలన్న మాట పడినది ఆ తల్లే.

ఇక చేపలు ఎండబెట్టే ఇల్లాలి సంగతి. ఆమెను ఎండలోకి పోవద్దనడం సులభం. పోకపోతే పూట గడిచేది ఎలా అన్నది ఆమె ప్రశ్న. పని పూర్తిగా మానకుండా వేళ మార్చుకోవడం ఒక దారి. దీవులలో ఐదుకే వెలుతురు వస్తుంది కనుక, చీల్చి పరిచే పని ఏడు లోపల ముగించవచ్చు. మధ్యాహ్నం తిరగేసే పని ఇంట్లో మరొకరు చూడాలి. మూడుంబావు దాటాక ఎండ వాలుతుంది. ఎత్తిపెట్టి, లెక్కచూసి, అమ్మే పని అప్పుడు ఆమెది. నిండు చేతుల రవికె, ముదురు రంగు దట్టమైన చీర, అంచు వెడల్పాటి టోపీ. టోపీ పెట్టుకున్న ఆడమనిషిని చూసి రేవులో మొదటి వారం నవ్వుతారు. రెండవ వారానికి ఎవరి చేపల గొడవ వారిది.